అప్పియా రోడ్డుకు మరమ్మతు ఎవరు చేశారు?

వానలు మొదలయ్యాయంటే మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఒక బొమ్మ వచ్చి తీరుతుంది. ఎడమవైపు పైన్ చెట్ల నీడలో నల్లరాళ్లు పరిచిన దారి. కుడివైపు నీళ్లు నిలిచిన గుంతలో పక్కకు ఒరిగిన ఆటో. ఎడమ దాని కింద ‘2300 ఏళ్లు’, కుడి దాని కింద ‘23 రోజులు’. ఈ ఏడూ వచ్చింది. నవ్వు ముఖాలు, చప్పట్లు, ‘బాగా చెప్పారు అన్నయ్యా’లు వరసగా పడ్డాయి. నేనూ జవాబు రాయబోయాను. అది ఎంతకీ తెగకపోవడంతో ఫోను పక్కనపెట్టి ఇక్కడ రాస్తున్నాను.

కుడివైపు బొమ్మతో నాకు పేచీ లేదు. అలాంటి గుంతలో స్కూటరుతో సహా కూలబడిన అనుభవం నాకూ ఉంది. దాన్ని వెనకేసుకు రావలసిన ఖర్మ నాకేమీ లేదు. పేచీ అంతా ఎడమవైపు దానితోనే. ఆ దారి వయా అప్పియా. క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ రోమ్ నుంచి కపువా దాకా వేయించాడు. అప్పుడతను సెన్సార్ పదవిలో ఉన్నాడు. సినిమాల సెన్సారు కాదు, జనాభా లెక్కలూ ప్రభుత్వ పనుల గుత్తలూ చూసే పెద్ద పదవి. తర్వాతి కాలంలో ఆ రోడ్డు బెనెవెంటో, వెనోసా, టరాంటో మీదుగా ఆడ్రియాటిక్ తీరాన ఉన్న బ్రిండిసి వరకు సాగింది. మొత్తం 540 కిలోమీటర్ల పైచిలుకు.

వేసింది వేసినట్టు ఇన్ని శతాబ్దాలూ చెక్కుచెదరకుండా ఉందని బొమ్మ చెబుతోంది. నేననేది దీనికి పూర్తిగా ఎదురు. బళ్లు తిరిగినన్నాళ్లూ ఆ రోడ్డును ఎవరో ఒకరు డబ్బు పోసి మళ్లీ మళ్లీ వేయించారు. డబ్బు ఆగిన చోట రోడ్డూ పోయింది. బొమ్మలో అంత ముచ్చటగా కనిపించే ముక్క మిగలడానికి కారణం, కొన్ని వందల ఏళ్లు దాని మీద ప్రధాన రాకపోకలు లేకపోవడం.

మట్టి బాటనే నడిచే జనం

రోమ్ వెళ్లినప్పుడు ఆ ముక్క మీద నేనూ నడిచాను. నగరం ప్రాకారం దాటి, సెసీలియా మెటెల్లా సమాధి అనే గుండ్రటి రాతి కట్టడాన్ని వెనక్కి వదిలి దక్షిణంగా పోతే పాత రాళ్లు మొదలవుతాయి. రోడ్డు వెడల్పు నాలుగు మీటర్లకు కాస్త ఎక్కువ, రెండు బళ్లు ఎదురెదురుగా తప్పుకునేంత. రెండు వైపులా అంచురాళ్లు, వాటికి అవతల మట్టి కాలిబాటలు. రాళ్లు ఒక్కొక్కటీ జానెడు మొదలు మూరెడు దాకా ఉంటాయి. పైభాగం అరిగి తాబేటి చిప్పలా ఉబ్బింది. రాయికీ రాయికీ మధ్య సందులో నా బూటు ముందుభాగం దూరిపోయింది. కొన్నిచోట్ల బండి చక్రాలు కోసిన గాళ్లు వేలు పెట్టి చూసుకునేంత లోతు.

నాకు వింతగా తోచింది ఇంకొకటి. ఆ రాళ్ల మీద ఎవరూ నడవడం లేదు. సైకిళ్లవాళ్లు, పరుగెత్తేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు అందరూ పక్కన మట్టి బాట మీదే పోతున్నారు. ఫోటో కావలసినవాళ్లు మాత్రం మధ్యకు వచ్చి నిలబడి, అది కాగానే మట్టిలోకి దిగుతున్నారు. ఒకావిడ పిల్లవాడి తోపుడుబండిని ముచ్చటపడి రాళ్ల మీదకు ఎక్కించింది. పది గజాలు పోయేసరికి వాడు గుక్కపట్టాడు. ఆవిడ మారు మాట్లాడకుండా బండిని పక్కకు దింపేసింది. కాసేపటికి నేనూ దిగాను.

రోమన్ల కాలంలో ఇది ఇలా ఉండేదనుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే. ఆరో శతాబ్దంలో ఈ దారిన వెళ్లిన ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు దీన్ని చూసి అబ్బురపడ్డాడు. రాళ్లను చెక్కి, నున్నచేసి, సున్నమూ గిన్నమూ లేకుండా ఒకదానికొకటి ఇమిడ్చారనీ, పేర్చినట్టుగా కాక కలిసి పెరిగినట్టుగా ఉన్నాయనీ, అన్నేళ్లు బళ్లు తిరిగినా అతుకులు విడలేదనీ రాశాడు. అంటే వేసిన ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా అది నున్నగానే ఉంది. మరి ఇప్పుడున్న ఈ సందులు ఎక్కడివి? పట్టించుకోని కాలానివి.

ఆ కాలం ఎలా వచ్చిందో చెబితే మనకు కొత్తగా అనిపించదు. 1300 ప్రాంతంలో, పోప్ ఎనిమిదో బోనిఫేస్ హయాంలో, ఆయన బంధువులైన కయెతాని కుటుంబంవారు సెసీలియా మెటెల్లా సమాధిని బురుజుగా మార్చి, రోడ్డుకు అడ్డంగా కోట కట్టి, వచ్చేపోయేవారి దగ్గర సుంకం గుంజారు. ఆధునిక భాషలో టోల్ గేటు. జనం వేరే దారులు చూసుకున్నారు. 1574లో పదమూడో గ్రెగరీ పోప్ కాలంలో కొత్త నగర ద్వారం, దాని నుంచి కొత్త అప్పియా దారి వచ్చాక పాతదానికి పెద్దగా పనిలేకుండా పోయింది. పొలాల మధ్య, గొర్రెల మధ్య పడి ఉంది. సమాధుల మీది పాలరాయి సున్నపు బట్టీలకు పోయింది.

ఇప్పుడు మనం ఫోటో తీసుకునేది కూడా అలా పడి ఉన్నదాన్ని కాదు. 1850 నుంచి 1853 వరకు తొమ్మిదో పియస్ పోప్ ప్రభుత్వం తరఫున లుయీజి కనీనా అనే వాస్తుశిల్పి దీన్ని మైళ్ల కొద్దీ తవ్వించి, శుభ్రం చేయించి, రెండు పక్కలా రాతి గోడలు పేర్పించి, దొరికిన శిల్పాల ముక్కల్ని ఇటుక కట్టడాల్లో అతికించి నిలబెట్టాడు. ఆ పైన్ చెట్లు కూడా ఆధునిక కాలంలో నాటినవే. వాట్సాప్ బొమ్మలో ఉన్న దృశ్యం చాలామటుకు పంతొమ్మిదో శతాబ్దపు పని.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో కొంత దూరం ఈ పాత అప్పియా మీదుగానే సాగింది, అదీ రాత్రిపూట, సైనికులు పట్టుకున్న కాగడాల వెలుగులో. ఇథియోపియా చక్రవర్తి అంగరక్షక దళానికి చెందిన అబెబె బికిలా ఆ పందెమంతా చెప్పులు లేకుండా పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో కాన్‌స్టంటైన్ తోరణం కింద గెలిచాడు. దారిలో అతను దాటిన స్తంభాల్లో ఇటలీ సైన్యం ఇథియోపియాలోని ఆక్సుమ్ నుంచి పెకలించి తెచ్చిన శిలాస్తంభం ఒకటి. బూట్లతో కూడా మట్టిలోకి దిగినవాణ్ణి కనుక ఆ పాదాల గురించి నేను వ్యాఖ్యానించను.

పొరల బొమ్మ ఎక్కడిది?

ఎడమవైపు బొమ్మకు తోడుగా ఇంకో బొమ్మ కూడా తిరుగుతుంటుంది. రోమన్ రోడ్డును నిలువుగా కోస్తే కింద పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన సన్న గచ్చు, మీద పలకలు, ఒక్కో పొరకూ ఒక లాటిన్ పేరు. ‘సైన్సు వాళ్లకే తెలుసు’ అని కింద వ్యాఖ్య. మా బాబాయి రోడ్ల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. తమ చదువు రోజుల్లో పుస్తకాల్లో కూడా ఈ బొమ్మే ఉండేదన్నారు.

ఈ పొరల పేర్లు విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి రాసినవే. అయితే ఆయన రాసింది ఇళ్లలో గచ్చు నేల వేసే పద్ధతి గురించి. 1622లో నికొలా బెర్జియే అనే ఫ్రెంచి న్యాయవాది రోమన్ రోడ్ల మీద పెద్ద గ్రంథం రాస్తూ, ఆ గచ్చు నేల పద్ధతిని రోడ్లకు అన్వయించాడు. అప్పటి నుంచి అదే అచ్చవుతోంది. తవ్వి చూస్తే రోమన్ రోడ్లు చోటును బట్టి మారిపోతాయి. ఒకచోట ఒట్టి కంకర దిబ్బ, మరోచోట బురదలో దిగేసిన కర్రల మీద కట్ట, ఇంకోచోట నేరుగా కొండరాతి మీదే పలకలు.

రోమ్ దగ్గరి అప్పియా అయితే ఇంకా తమాషా. అల్బన్ కొండల అగ్నిపర్వతం ఎప్పుడో కక్కిన లావా ఒక నాలుకలా సాగి, సరిగ్గా సెసీలియా మెటెల్లా సమాధి దగ్గర ఆగింది. రోడ్డు ఆ లావా వెన్ను మీదుగానే పోతుంది. పునాది ప్రకృతి వేసి పెట్టింది. పలకలకు కావలసిన నల్లరాయి కూడా పక్కనే దొరికేది. ఆ రాళ్లు దగ్గర్లో ఎక్కడా దొరకవని, దూరం నుంచి మోసుకొచ్చారని రాసిన ప్రొకోపియస్ ఈ విషయంలో పొరబడ్డాడు.

పైగా ఆ పలకలు అప్పియస్ నాటివి కావు. లివీ అనే రోమన్ చరిత్రకారుడి గ్రంథంలో వరస స్పష్టంగా ఉంది. క్రీ.పూ. 296లో నగర ద్వారం నుంచి మార్స్ గుడి దాకా, అంటే ఒక మైలు పైచిలుకు, చెక్కిన రాళ్లతో కాలిబాట వేశారు. మూడేళ్ల తర్వాత గుడి నుంచి బోవిల్లె ఊరి దాకా నల్లరాయి పరిచారు. నగర ద్వారానికీ గుడికీ మధ్య ఉన్న మొదటి ముక్కకు నల్లరాయి పడింది క్రీ.పూ. 189లో. వేసిన నూట ఇరవై ఏళ్లకు! అప్పటిదాకా అది చాలామటుకు కంకర రోడ్డే. డబ్బు ఎక్కడిదనేది కూడా లివీ చెప్పాడు. కాలిబాటకు వడ్డీ వ్యాపారుల మీద వేసిన జరిమానాలు, బోవిల్లె దాకా పడిన రాళ్లకు పశువుల మేత హక్కుల్ని మీరినవారి మీద వేసిన జరిమానాలు. ఈ వివరం చదివిన రోజు నాకు భలే సంతోషం కలిగింది. ఈ రోడ్డు వెనుక ఒక మహామేధావి కన్నా ముందు ఖర్చుల పద్దు కనబడింది కదా అని.

ఖజానా నుంచి ఇంత, రైతుల నుంచి ఇంత

అప్పియస్ సెనేటు అనుమతి లేకుండా ప్రభుత్వ రాబడి అంతా ఈ రోడ్డుకే పోసేశాడని డయొడోరస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాశాడు. తనకు శాశ్వత స్మారకం కట్టుకున్నాడని కూడా అన్నాడు. జూలియస్ సీజర్ పైకి వస్తున్న రోజుల్లో ఈ రోడ్డు పర్యవేక్షణ పదవి తీసుకుని సొంత డబ్బు గుమ్మరించాడు. ఓటర్లు ఏం చూసి మెచ్చుకుంటారో అప్పటికే తెలుసన్నమాట.

కానీ నా వాదనకు అసలైన సాక్షి ఇవేవీ కావు. బెనెవెంటోకు తూర్పున దొరికిన ఒక మైలురాయి. హేడ్రియన్ చక్రవర్తి క్రీ.శ. 123లో వేయించిన శాసనం అది. బెనెవెంటో నుంచి ఎక్లానం వైపు 15,750 అడుగుజోళ్లు, అంటే పావు తక్కువ పదహారు రోమన్ మైళ్లు, అప్పియా రోడ్డు ‘చిరకాలం గడచి నశించిపోగా’ తిరిగి వేయించినట్టు అందులో ఉంది. నశించిపోగా! రోమన్ సామ్రాజ్యం వెలుగులు చిమ్ముతున్న రోజుల్లోనే, రోమన్ చక్రవర్తే తన రాతిలో ఒప్పుకున్న మాట. ఖర్చు కూడా చెక్కించాడు. చక్రవర్తి ఇచ్చింది 11,47,000 సెస్టర్సులు (అప్పటి రోమన్ నాణేలు), దారి పక్క పొలాల యజమానులు ఇచ్చింది 5,69,100.

లెక్క కడితే మైలుకు సుమారు 1,09,000 సెస్టర్సులు. ఆ కాలంలో రోమన్ సైనికుడి ఏడాది జీతం 1,200. ఒక్క మైలు తిరిగి వేయడానికి తొంభై మంది సైనికుల ఏడాది జీతం. అందులో మూడో వంతు రైతుల నెత్తిన. వాళ్లు సంతోషంగా ఇచ్చారో, మెడ మీద కత్తి పెడితే ఇచ్చారో శాసనంలో రాయరు కదా.

పాంటీన్ చిత్తడి నేలల కథ ఇంకా పెద్దది. రోమ్‌కు దక్షిణాన, టెర్రచీనా ఊరికి ముందు, మైళ్ల కొద్దీ ఊబి. రోడ్డు దాని గుండా గీత గీసినట్టు పోతుంది, పక్కనే ఒక కాలవ. క్రీ.పూ. 37లో హొరేస్ కవి ఈ దారిన వెళుతూ రోడ్డును వదిలి, కంచరగాడిద లాగే పడవలో రాత్రి ప్రయాణం పెట్టుకున్నాడు. దోమలు, కప్పలు, తాగి పాటలు పాడే పడవవాడు. తీరా ఆ పడవవాడు గాడిదను రాయికి కట్టేసి నిద్రపోయాడు. తెల్లారి చూస్తే పడవ ఉన్నచోటే ఉంది. ఒక ప్రయాణికుడు కోపం పట్టలేక ఒడ్డుకు దూకి, విల్లో కొమ్మతో గాడిదకూ మనిషికీ కలిపి వడ్డించాడు. ఆ పడవ ఎక్కే ఊరు పేరు తెలుగు బైబిలు చదివినవారికి తెలుసు. అపొస్తలుల కార్యములు చివరి అధ్యాయంలో రోమ్ విశ్వాసులు పౌలును ఎదుర్కోవడానికి వచ్చిన అప్పీయా సంతపేట అదే. పౌలు కూడా ఈ దారిన వచ్చినవాడే.

ఆ ఊబిలో రోడ్డును నెర్వా, ట్రాజన్ చక్రవర్తులు తిరిగి వేయించారు. అది మళ్లీ మునిగింది. ఆరో శతాబ్దం మొదట్లో గోత్ జాతి రాజు థియొడోరిక్ పాలనలో డేసియస్ అనే పెద్దమనిషి నీళ్లు తోడించి బాగుచేశాడు. మళ్లీ మునిగింది. తర్వాత వందల ఏళ్లు ప్రయాణికులు కొండల అంచు వెంబడి చుట్టు తిరిగి పోయారు. 1777లో పని మొదలుపెట్టి ఆరో పియస్ పోప్ కాలవలు తవ్వించి ఆ తిన్నటి గీతను తిరిగి తెరిపించాడు. 1930లలో ముసోలినీ ప్రభుత్వం ఊబినే ఎండగట్టింది. ఇప్పుడక్కడ మీరు పోయేది తారు రోడ్డు మీద, ఇటలీ ఏడో నంబరు రాష్ట్రీయ రహదారి మీద. కారు కిటికీలోంచి చూస్తే ఒక్క రోమన్ రాయీ కనిపించదు. అయినా నా దృష్టిలో అప్పియా నిజంగా బతికున్న చోటు అదే. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు, చూడ్డానికి మామూలు రోడ్డులా ఉంటుంది కనుక.

బాబాయి అడిగిన ప్రశ్న

ఇదంతా చెబుతుంటే బాబాయి మధ్యలో ఆపి అడిగారు. “ఒరేయ్, ఆ రోడ్డు మీద టిప్పర్లు తిరిగాయా?”

తిరగలేదు. నాలుగో శతాబ్దపు రోమన్ చట్టం ప్రభుత్వ తపాలా బళ్లకు బరువు హద్దు పెట్టింది. ఎడ్లు లాగే పెద్ద బండికి 1,500 రోమన్ పౌన్లు, అంటే 490 కిలోలు. మన దేశంలో ఒక ఇరుసుకు నాలుగు టైర్లున్న లారీకి ఇరుసు బరువు హద్దును 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. హద్దును పాటించే లారీల మాట అది. పాటించని వాటి గురించి బాబాయిని కదిపితే భోజనాల వేళ దాటిపోతుంది.

ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారింతలు. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్‌లో ప్రత్యేకంగా రోడ్లు వేసి, లారీలు తిప్పి తేల్చిన సంగతి ఇది. నాలుగో ఘాతం సూత్రం అంటారు. రోమన్ బండి తన బరువుతో కలిపి ఇరుసుకు అర టన్ను మోపిందనుకుందాం. మన లారీ దానికి ఇరవై మూడింతలు. ఆ సూత్రం ప్రకారం నష్టం రెండు లక్షల డెబ్బై వేల రెట్ల పైమాట. ఇది మోటు లెక్కే. ఆ సూత్రం ఇప్పటి రోడ్ల కోసం పుట్టింది, రబ్బరు టైరు చేసే నష్టం వేరు, ఇనుప పట్టా వేసిన చక్రం రాయిని కోసే తీరు వేరు. నేను వేలు పెట్టి చూసిన గాళ్లే అందుకు సాక్ష్యం. ఎంత తగ్గించి చూసుకున్నా ఎడమ బొమ్మనూ కుడి బొమ్మనూ ఒకే తక్కెడలో వేయలేమన్నదే నా మాట.

ఇక్కడ పాఠకులు నన్ను నిలదీయవచ్చు. గుత్తేదారుకు వకాల్తా పుచ్చుకున్నావా అని. లేదు. నిజానికి నా వాదన అతనికి ఇంకా ఇబ్బంది. ‘రోమన్లు దేవతలు, మనం మనుషులం’ అన్న బొమ్మ అందరినీ తేలిగ్గా వదిలేస్తుంది. నవ్వుకుని ఊరుకోవచ్చు. మరమ్మతు సంగతి ఎత్తితే పేర్లు అడగాలి, పద్దులు అడగాలి. పక్క కాలవ పూడిక ఎవరు తీయాలి? కల్వర్టు గొట్టం ఎన్నాళ్లుగా మూసుకుంది? గ్యాంగు కూలీల పోస్టులు ఏమయ్యాయి? గుంత జానెడు ఉన్నప్పుడే ఎవరైనా కంకర వేశారా? ఉద్యోగం చేసినన్నాళ్లూ బాబాయి పై అధికారులతో పోట్లాడింది కొత్త రోడ్ల కోసం కాదట. “ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు. పాచ్ వర్క్‌కు శిలాఫలకం వేసేవాడు ఎవడు?” అన్నారు. వేసినవాడు ఒకడున్నాడు బాబాయ్, హేడ్రియన్ అని చెప్పాను.

నా వాదనకు నిజంగా గుచ్చుకునే ముల్లు ఇంకోటి ఉంది. మరమ్మతే సర్వస్వమైతే, మొదట బాగా వేసినా చెత్తగా వేసినా ఒకటేనా? కాదు. అప్పియా దారి ఎంచుకున్న తీరులో గొప్పతనం ఉంది. రోమ్ నుంచి టెర్రచీనా దాకా తొంభై కిలోమీటర్లు దాదాపు సూటిగా పోతుంది, ఆ కాలపు కొలత సాధనాలతో. మధ్యలో నీరు ఇరుపక్కలకూ జారేట్టు ఉబ్బు, అంచుల్ని పట్టి ఉంచే రాళ్లు. టెర్రచీనాలో కొండ సముద్రం దాకా దిగడంతో మొదట్లో రోడ్డు పైకెక్కి దిగేది. ట్రాజన్ కాలంలో ఆ కొండ పాదాన్ని 36 మీటర్ల ఎత్తున నిలువుగా కోసి, తీరం వెంట దారి తీశారు. కోసిన కొలది రాతి మీద పదేసి అడుగులకు ఒక అంకె చెక్కుతూ 120 దాకా వచ్చారు. ఆ అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి. పని ఎంత అయిందో కొలిచి బిల్లు రాసినట్టే ఉందని బాబాయి మురిసిపోయారు. “అలైన్‌మెంట్ కుదిరితే సగం రోడ్డు వేసినట్టేరా” అని కూడా అన్నారు. ఒప్పుకుంటాను. ఆ సగం రోమన్లది. తర్వాత ఎవరు మరమ్మతు చేసినా ఆ గీత మీదే చేశారంటే, గీత అంత బాగా కుదిరింది కనుకనే.

రాళ్లను కాపాడిన కలహాలు

వాడని ముక్క సంగతి చెప్పాలి. వదిలేస్తే దానంతటదే మిగిలిందా అంటే అదీ లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రోమ్ నగరం విస్తరిస్తున్నప్పుడు పాత అప్పియా పక్కన స్థలాలకు గిరాకీ వచ్చింది. సమాధుల పక్కన ఈత కొలనులతో బంగళాలు లేచాయి. 1950ల మొదట్లో రోమ్ చుట్టూ వేసిన వలయ రహదారి ఈ రోడ్డును నిలువునా కోసేసింది. 1953లో అంతోనియో చెదెర్నా అనే పాత్రికేయుడు ‘అప్పియా గ్యాంగ్‌స్టర్లు’ అనే శీర్షికతో రాసిన వ్యాసం దుమారం లేపింది. ఆయన ఆ ఒక్క వ్యాసంతో ఆగలేదు. 1996లో చనిపోయేదాకా దాన్ని వదల్లేదు. 1965 డిసెంబరులో ప్రభుత్వం 2,500 హెక్టార్లను ప్రజల పార్కుగా గుర్తించింది. గుర్తించడానికీ పార్కు ఏర్పడడానికీ మధ్య గడిచిన కాలం మనవాళ్లకు అలవాటైనదే. ప్రాంతీయ పార్కు చట్టం వచ్చింది 1988లో. కోసేసిన చోట వలయ రహదారిని సొరంగంలోకి దింపి పాత రోడ్డును కలిపింది 2000 జూబిలీ సంవత్సరం సందర్భంగా. 2002లో కాపో ది బోవె అనే ఎస్టేటును ప్రభుత్వం కొని తవ్వితే రోమన్ల స్నానశాలలు బయటపడ్డాయి. చెదెర్నా కాగితాలన్నీ ఇప్పుడు అక్కడే భద్రపరిచారు. దారి పక్క నేలలో చాలా భాగం ఇవాళ్టికీ ప్రైవేటు ఆస్తే.

రోడ్డు ఎవరిదన్న తగవు కొత్తదేమీ కాదు. క్రీ.పూ. 52 జనవరి 18న బోవిల్లె దగ్గర ఈ రోడ్డు మీదే క్లోడియస్ అనే రాజకీయ నాయకుణ్ణి ప్రత్యర్థి మిలో మనుషులు చంపారు. క్లోడియస్ ఆ అప్పియస్ వంశంవాడే. పూర్వీకుల స్మారకం మీద చంపడం ఎంత ఘోరమని అతని పక్షం గోల పెట్టింది. మిలో తరఫు వాదించిన సిసిరో దానికి ఎకసెక్కంగా బదులిచ్చాడు. అప్పియస్ ఈ రోడ్డు వేసింది జనం నడవడానికి కాదు కాబోలు, తన వారసులు నిర్భయంగా దోపిడీలు చేసుకోవడానికి కాబోలు అని. అవతల కొలనుల బంగళాలను, అంతకుముందు కయెతాని సుంకాన్ని తలచుకుంటే సిసిరో మాట పాతబడలేదనిపిస్తుంది.

ఢిల్లీలో వచ్చిన గుర్తింపు

2024 జులైలో అప్పియా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఆ సమావేశం జరిగింది మన ఢిల్లీలోనే. అస్సాం అహోం రాజుల మొయిదామ్ సమాధులకూ అప్పుడే గుర్తింపు దొరికింది. మన పత్రికలు సహజంగానే మొయిదామ్‌ల గురించి రాశాయి. ఇటలీ నుంచి వచ్చిన దరఖాస్తులో బెనెవెంటో నుంచి బ్రిండిసికి ట్రాజన్ క్రీ.శ. 109లో వేయించిన సులువు దారి కూడా ఉంది. రెండూ కలిపి 800 కిలోమీటర్లు దాటుతుంది.

ఆ సులువు దారి వచ్చాక పాత కొండదారి వెనకబడింది. హేడ్రియన్ అంత ఖర్చుతో తిరిగి వేయించిన మైళ్లు ఆ వెనకబడ్డ దారిలోవే. శాసనం చదివాక, అంత డబ్బు పోసిన చోట ఇప్పుడేముందో చూద్దామని పటం తెరిచాను. గోధుమ పొలాలు, కాలోరె నదిలో ఒక రోమన్ వంతెన మొండి స్తంభాలు. స్థానికులు దాన్ని విరిగిన వంతెన అంటారు. ఎక్లానం ఊరు ఏడో శతాబ్దంలో బైజాంటియం సేనల చేతిలో ధ్వంసమైంది. డబ్బిచ్చే రైతులూ లేరు, అడిగే చక్రవర్తీ లేడు. మొత్తం అప్పియాలో మరమ్మతు లెక్క అణా పైసలతో సహా మనకు దక్కిన ముక్క అది. దారి ఎటు పోయిందన్నది మాత్రం అక్కడ పండితులు ఇప్పటికీ వెతుక్కుంటున్నారు.

రోమ్ నుంచి బ్రిండిసి దాకా జనం నడిచి వెళ్లేందుకు వీలుగా బాట ఏర్పాటు చేయడానికి ఇటలీ సాంస్కృతిక శాఖ నిధులు మంజూరు చేసిందని బాబాయికి చెప్పాను. ఎంత అని అడగలేదు ఆయన.

“అది పనికి ఇచ్చిన డబ్బు. ఏటేటా గడ్డి కోయడానికి ఎంత పెట్టారో అది చెప్పు” అన్నారు.